కూలెంట్ డబ్బాలో బుడగలు

నా బండి బానెట్ ఎత్తితే తెల్లటి గుండ్రటి ప్లాస్టిక్ డబ్బా ఒకటి కనబడుతుంది. కూలెంట్ డబ్బా, ఇంజన్‌ని చల్లార్చే ద్రవం ఉండేది. దాని మీద కంపెనీవాళ్లు వేసిన రెండు గీతల మధ్య నేను నల్ల మార్కర్‌తో ఇంకో గీత గీశాను. రోజూ పొద్దున, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, గులాబీ రంగు కూలెంట్ ఆ గీత దగ్గరే ఉందో లేదో చూసి గానీ కాలేజీకి బయల్దేరను. ఈ అలవాటు 2022లో మొదలైంది. ఆ ఏడాది నా ఇంజన్‌కి హెడ్ గాస్కెట్, అంటే ఇంజన్ పైభాగమైన హెడ్డుకీ కింది బ్లాకుకీ మధ్య ఉండే పలచటి పొర, రెండుసార్లు పోయింది. ఎందుకు పోయిందో తెలుసుకోవడానికి నాకు ఏడు నెలలు పట్టింది. బూస్ట్, అంటే టర్బో ఇంజన్‌లోకి గాలిని నొక్కి పంపే పీడనం, పెంచిన బండ్లు మన హైదరాబాద్‌లో ఇప్పుడు చాలా తిరుగుతున్నాయి. ఆ ఏడు నెలలు ఇంకొకరికి కలిసొస్తాయని ఇదంతా రాస్తున్నాను.

బండి 2005 మోడల్ సెడాన్. 1.8 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజన్, ఇనప బ్లాకు, దాని మీద అల్యూమినియం హెడ్డు. షోరూంలోంచి వచ్చినప్పుడు 150 హార్స్‌పవర్, బూస్ట్ అర బార్‌కి కాస్త పైన. 2018లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. మూడేళ్లు డబ్బు కూడబెట్టి 2021 డిసెంబర్‌లో పెద్ద టర్బో, గట్టి కనెక్టింగ్ రాడ్లు వేయించి, ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) రీమ్యాప్ చేయించాను, అంటే దాని సెట్టింగులు మార్పించాను. బూస్ట్ 1.5 బార్‌కి వెళ్లింది. ఆ పని చేసిన గ్యారేజీ పేరు ఇక్కడ రాయను. పని మాత్రం ఉన్నదున్నట్టు రాస్తాను.

నేను ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్తాను. పీడనం పాఠం వచ్చినప్పుడు బోర్డు మీద ఈ ఇంజన్ లెక్కే చేయిస్తాను. సిలిండర్ వ్యాసం 81 మి.మీ. అంటే వైశాల్యం 51.5 చదరపు సెంటీమీటర్లు. బాగా బూస్ట్ ఎక్కినప్పుడు లోపల మంట పీడనం 100 బార్‌కి చేరిందనుకుందాం. అప్పుడు హెడ్డుని పైకి తోసే బలం సుమారు 5,250 కిలోల బరువుకి సమానం. బోనాల ఊరేగింపులో నడిచే ఏనుగు కన్నా ఎక్కువ. ఇంజన్ 6,000 ఆర్పీఎంలో తిరుగుతుంటే ఒక్కో సిలిండర్‌లో ఈ తోపు సెకనుకి 50 సార్లు వస్తుంది. హెడ్డు ఎగరకుండా పట్టుకునేవి పది బోల్టులు. హెడ్డుకీ బ్లాకుకీ మధ్య ఆ మంటని, కూలెంట్‌ని, ఆయిల్‌ని దేని దారిలో దాన్ని ఉంచేది మిల్లీమీటరుకి కాస్త అటూ ఇటూ మందం ఉండే గాస్కెట్. ఈ లెక్క చేశాక క్లాసు కాసేపు నిశ్శబ్దంగా ఉంటుంది.

మొదటి సూచన 2022 ఏప్రిల్‌లో వచ్చింది. కూలెంట్ వారానికి పావు లీటరు తగ్గుతోంది. కింద చుక్క పడటం లేదు. డిప్ స్టిక్ తీస్తే ఆయిల్ శుభ్రంగా ఉంది. గాస్కెట్ పోతే ఆయిల్ పాలు కలిపిన టీలా అవుతుందని అందరూ అంటారు కదా, నేనూ అదే నమ్మి ధైర్యంగా ఉన్నాను. ఆ మాట సగమే నిజం. కూలెంట్, ఆయిల్ కలిసే చోట గాస్కెట్ తెగితేనే అలా అవుతుంది. బూస్ట్ ఎక్కువున్న ఇంజన్లలో చాలాసార్లు మొదట తెగేది మంటకీ నీళ్లకీ మధ్య. అప్పుడు సిలిండర్‌లోని గ్యాసు కూలెంట్‌లోకి వెళ్తుంది, ఆయిల్‌కి ఏమీ కాదు.

మే నెలలో ఒక మధ్యాహ్నం శంషాబాద్ వైపు నుంచి ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) మీద వస్తున్నాను. తుక్కుగూడ దాటాక టెంపరేచర్ ముల్లు ఒక్కసారిగా పైకి లేచింది. పక్కకి ఆపి హీటర్ పెడితే వేడి గాలి రాలేదు, మామూలు గాలి వచ్చింది. హీటర్‌కి వేడినిచ్చే చిన్న రేడియేటర్‌లో (హీటర్ కోర్) నీళ్ల బదులు గ్యాసు చేరితే అలా జరుగుతుంది. అది నాకు తర్వాత తెలిసింది. బానెట్ సందులోంచి బెల్లప్పాకం లాంటి తియ్యటి వాసన. టో బండి వచ్చేసరికి రెండు గంటలు పట్టింది. ఆ ఎండలో డివైడర్ మొక్కల్ని చూస్తూ నిలబడ్డాను.

గ్యారేజీలో మొదట డబ్బా మూత మార్చారు. తర్వాత థర్మోస్టాట్, ఆ తర్వాత వాటర్ పంపు. ప్రతిసారీ వారం బాగుండి మళ్లీ మొదటికొచ్చేది. జూన్‌లో హెడ్డు దించి గాస్కెట్ పోయిందని చెప్పారు. కొత్తది వేసి నాలుగు రోజుల్లో బండి ఇచ్చేశారు. ఎందుకు పోయిందన్నా అని అడిగితే, పాత బండి కదా సార్, వేడికి పోతుంది అన్నారు. నేను ఇంకో ప్రశ్న వేయలేదు. ఆ రోజు వేసి ఉండాల్సింది. అక్టోబర్ మొదటి వారానికి కూలెంట్ మళ్లీ తగ్గడం మొదలైంది.

అప్పుడు మూసాపేటలో ఒక చిన్న షెడ్డుకి వెళ్లాను. అక్కడ అందరూ ఆయన్ని ఉస్తాద్ అనే పిలుస్తారు. నేను చెప్పిందంతా విని, పొద్దున చల్లటి ఇంజన్‌తో రమ్మన్నాడు. వెళ్లాను. ఇంజన్ స్టార్ట్ చేయించి, రేడియేటర్ పై హోస్ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. నిమిషం కాలేదు, నా చెయ్యి లాగి హోస్ మీద పెట్టాడు. కూలెంట్ ఇంకా గోరువెచ్చగా కూడా కాలేదు, హోస్ మాత్రం గాలి కొట్టిన సైకిల్ ట్యూబులా గట్టిపడింది.

"నీళ్లు కాగలేదు, హోస్ ఎట్ల గట్టిపడ్డది సార్? లోపలికెళ్లి గ్యాసొస్తున్నది," అన్నాడు.

బ్లాక్ టెస్టర్ తెచ్చాడు. గాజు గొట్టంలో నీలం ద్రవం ఉంటుంది, మన కెమిస్ట్రీ ల్యాబులో వాడే బ్రోమోథైమాల్ బ్లూనే. గొట్టాన్ని డబ్బా మూతి మీద పెట్టి రబ్బరు బుడ్డి నొక్కితే డబ్బాలోని గాలి ఆ ద్రవం గుండా వెళ్తుంది. కాలిన గ్యాసులో కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది కాబట్టి నీలం పచ్చబడి చివరికి పసుపవుతుంది. ఐదు నిమిషాలు నొక్కాం. నీలం నీలంగానే ఉంది. ముందు గ్యారేజీలో కూడా ఇదే టెస్టు చేసి, గాస్కెట్ బాగుంది అని ఏప్రిల్‌లో నన్ను పంపించేశారు.

"ఇట్ల నిలవెట్టి చూస్తే సరిగ తెల్వది. దీనికి బరువు వెట్టాలె," అన్నాడు ఉస్తాద్.

ఇక్కడే అసలు విషయం ఉంది. బూస్ట్ పెంచిన ఇంజన్‌లో గాస్కెట్ పూర్తిగా చినిగిపోకముందే హెడ్డు లేవడం మొదలవుతుంది. పూర్తి బూస్ట్ మీద బోల్టులు రబ్బరులా వెంట్రుకవాసి సాగుతాయి, హెడ్డు ఆ కాస్త పైకి లేస్తుంది, మంట గ్యాసు కూలెంట్‌లోకి చీదుతుంది. యాక్సిలరేటర్ మీద కాలు తీయగానే హెడ్డు మళ్లీ కూర్చుంటుంది. బండి నిలబెట్టి ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు లీకు బాగా తగ్గిపోతుంది, అందుకే ఈ టెస్టులో చాలాసార్లు బాగానే కనబడుతుంది. ఉస్తాద్ ఏం చేశాడంటే, కూలెంట్ హోస్ మధ్యలో T ఆకారపు గొట్టం ముక్క వేసి, దానికి ప్రెషర్ గేజి కలిపి, గేజిని వైపర్ల దగ్గర అద్దం మీద టేపుతో అంటించాడు. మర్నాడు తెల్లవారుజామున పటాన్‌చెరు దాకా వెళ్లి ముత్తంగి దగ్గర ఓఆర్ఆర్ ఎక్కాం. ఇంజన్ వేడెక్కి గేజి ముల్లు 0.9 బార్ దగ్గర నిలబడింది. రోడ్డు ఖాళీ చూసి మూడో గేరులో పూర్తిగా తొక్కాను. బూస్ట్ ఎక్కిన మూడో సెకనుకి ముల్లు 1.4 దాటింది. కాలు తీశాక కూడా కిందికి దిగలేదు. ఉస్తాద్ ఏమీ అనలేదు, గేజినే చూస్తున్నాడు. సుల్తాన్‌పూర్ దగ్గర దిగి నెమ్మదిగా షెడ్డుకి వచ్చేశాం. ఇంజన్ కాస్త చల్లారాక తడిగుడ్డ వేసి మూత మెల్లగా తిప్పి మళ్లీ టెస్టు పెట్టాడు. ఈసారి నిమిషంలో పసుపు.

హెడ్డు దించిన రోజు మా నాన్న కూడా వచ్చారు. ఆయన బాలానగర్‌లో ముప్పై ఏళ్లు లేత్, మిల్లింగ్ మిషన్ల మీద పనిచేసి మానేశారు. వస్తూ వస్తూ తన స్ట్రెయిట్ ఎడ్జి (చదును చూసే తిన్నటి ఇనప పట్టీ), ఫీలర్ గేజి (సందు కొలిచే పలచటి రేకులు) తెచ్చుకున్నారు. ఆ స్ట్రెయిట్ ఎడ్జి గ్రీజు పూసిన పంచె ముక్కలో చుట్టి బీరువాలో ఉంటుంది. చిన్నప్పుడు దాన్ని ముట్టుకుంటే దెబ్బలు పడేవి.

ముందు స్పార్క్ ప్లగ్గులు వరసగా పెట్టి చూశాం. ఒకటి, రెండు, నాలుగు మామూలు గోధుమ రంగులో ఉన్నాయి. మూడోదాని తెల్ల పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు, మధ్యమధ్య వెండిలా మెరిసే చుక్కలు. ఆ వెండి చుక్కలు పిస్టన్ అల్యూమినియం. హెడ్డు లేపాక మూడు పిస్టన్ల మీద నల్లటి మసి ఉంది. మూడో సిలిండర్ పిస్టన్ మాత్రం ఒక పక్కన చింతపండుతో తోమిన ఇత్తడి గిన్నెలా మెరుస్తోంది. కూలెంట్ లోపలికొచ్చి ఆవిరై మసిని కడిగేసింది. గాస్కెట్‌లో సిలిండర్ చుట్టూ ఉండే ఫైర్ రింగ్ ఆ పక్కనే చదునుగా నలిగి ఉంది. అక్కడి నుంచి నీళ్ల కన్నం దాకా అగరుబత్తి మసి గీసినట్టు సన్నటి నల్ల దారి. వేలు పెట్టి చూపిస్తే తప్ప కనబడదు. నా ఏడు నెలల బాధంతా వేలెడంత కూడా లేని ఆ గీతలో ఉంది.

నాన్న హెడ్డుని గుడ్డతో తుడిచి, స్ట్రెయిట్ ఎడ్జిని నిలువుగా, అడ్డంగా, మూలగా పెట్టి కింద ఫీలర్ దూర్చుతూ వచ్చారు. 0.05 మి.మీ. రేకు నడిమధ్య సులువుగా దూరింది. 0.10 కూడా దూరింది. అంత వంకర ఉంటే ఫేసింగ్, అంటే ఆ ముఖాన్ని మిషన్ మీద చదును చేయించడం, తప్పదు. తర్వాత ఆయన కళ్లజోడు సరిచేసుకుని బ్లాకు మీదికి వంగారు. గుండ్రటి గీతలు.

"ఎవడ్రా గిట్ల గీకింది?" అన్నారు.

జూన్‌లో పాత గాస్కెట్ ముక్కలు వదిలించడానికి గ్రైండర్‌కి ఎమెరీ డిస్కు పెట్టి తిప్పారన్నమాట. అలా చేస్తే ఎక్కడికక్కడ గుంటలు పడతాయి. పైగా ఆ రాపిడి పొడి ఆయిల్‌లో కలిసి బేరింగులు తినేస్తుంది. అదృష్టం కొద్దీ బ్లాకు వంకర 0.03 మి.మీ. లోపలే ఉంది.

ఉస్తాద్ పాత హెడ్ బోల్టులు పదీ బల్ల మీద నిలబెట్టి, పక్కన కొత్త బోల్టు పెట్టాడు. పాతవాటిలో నాలుగు కొత్తదాని కన్నా ఒకటిన్నర మిల్లీమీటరు పొడుగు. ఒకదాని నడుము దగ్గర మరలు పలచబడి ఎడంగా కనబడుతున్నాయి. ఈ బోల్టులు ఒక్కసారికే పనికొస్తాయి. బిగించేటప్పుడు చివర్లో వాటిని కోణం కొలిచి తిప్పుతారు. లోహం ఇక వెనక్కి రాని హద్దు దాకా సాగదీసి, ఆ బిగువుతో హెడ్డుని పట్టించడం దాని ఉద్దేశం. హెడ్డు దించినప్పుడల్లా కొత్తవి వేయాలి. నాకు డిసెంబర్‌లో పాతవే వేశారు. జూన్‌లో మళ్లీ అవే వేశారు. బిల్లులో మాత్రం రెండుసార్లూ హెడ్ బోల్ట్ సెట్ అని ఉంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అయితే బోల్టుల దగ్గర ఆగి ఉంటే మూడోసారి కూడా పోయేది. "గాస్కెట్ ఎన్నిసార్లన్న ఏస్త సార్. ఆ ప్లగ్గు మీద చుక్కలెందుకున్నయో అది చూడాలె ముందు," అన్నాడు ఉస్తాద్.

స్పార్క్ ప్లగ్గు దగ్గర అంటుకున్న మంట అంచుల దాకా వరసగా పాకాలి. గాలి మరీ వేడిగా ఉండి, పీడనం ఎక్కువై, పెట్రోల్ ఆక్టేన్ (తనంతట తాను అంటుకోకుండా ఆగే గుణం) సరిపోకపోతే, మంట చేరకముందే అంచులో మిగిలిన మిశ్రమం తనంతట తాను పేలుతుంది. అదే నాకింగ్. అప్పుడు పీడనం ఒక్కసారిగా కొడుతుంది, సిలిండర్ గంట కొట్టినట్టు మోగుతుంది. నా ఇంజన్ సైజుకి ఆ మోత 6, 7 కిలోహెర్ట్జ్ మధ్య ఉంటుంది. పొగగొట్టం చప్పుడులో చెవికి అందదు కానీ నాక్ సెన్సర్‌కి అందుతుంది. ఈసీయూ వెంటనే టైమింగ్ వెనక్కి లాగుతుంది, అంటే స్పార్క్‌ని ఆలస్యం చేస్తుంది. ఈసీయూ పాత రికార్డులు నా ల్యాప్‌టాప్‌లోనే ఉన్నాయి, ఎప్పుడూ బూస్ట్ వరస తప్ప ఇంకోటి చూడలేదు. ఇప్పుడు తెరిచి చూస్తే మూడో సిలిండర్‌కి ఏప్రిల్, మే నెలల్లో 9 డిగ్రీల దాకా టైమింగ్ వెనక్కి లాగి ఉంది. ఇంజన్‌లోకి వెళ్లే గాలి వేడి 68 డిగ్రీల సెంటీగ్రేడ్.

కారణం నాకు అప్పుడు అర్థమైంది. రీమ్యాప్ చేసింది డిసెంబర్ చలిలో, రాత్రి పదకొండు గంటలకి. బండి నడిపింది ఏప్రిల్, మే ఎండలో. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడి గాలి పీడనం దాదాపు 0.95 బార్. దాని మీద 1.5 బార్ బూస్ట్ కావాలంటే టర్బో గాలిని రెండున్నర రెట్లకి పైగా నొక్కాలి. బయట 40 డిగ్రీలుంటే, 70 శాతం సామర్థ్యమున్న టర్బోలోంచి ఆ గాలి 170 డిగ్రీలు దాటి బయటికొస్తుంది. దాన్ని చల్లార్చాల్సిన ఇంటర్‌కూలర్ మాత్రం కంపెనీ ఇచ్చిన చిన్నదే, చక్రం పక్కన మూల ఇరుక్కున్నది. టర్బో మార్చారు, ఇంటర్‌కూలర్ మార్చలేదు. ట్యాంకులో సాదా పెట్రోల్, అప్పట్లో 91 ఆక్టేన్. వేడి గాలికి నాకింగ్, నాకింగ్ దెబ్బలకి అప్పటికే సాగిన బోల్టులు ఇంకా సాగడం, హెడ్డు లేవడం, గ్యాసు చేరి ఇంజన్ వేడెక్కడం, ఆ వేడికి హెడ్డు వంగడం. గాస్కెట్ ఈ వరసలో ఆఖరున ఉంది. జూన్‌లో మార్చింది ఆ ఆఖరిదాన్నే.

ఈసారి పని నెల పట్టింది, తొందర పెట్టలేదు. ఎంఎల్ఎస్ గాస్కెట్ తెప్పించాం, అంటే పలచటి స్టీలు రేకులు పొరలుగా పేర్చినది. అల్యూమినియం ఇనుము కన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. ఇంజన్ వేడెక్కినప్పుడు హెడ్డు పొడవు మీద హెడ్డుకీ బ్లాకుకీ పావు మిల్లీమీటరు దాకా తేడా వస్తుంది, చల్లారితే మళ్లీ సర్దుకుంటుంది. రోజూ జరిగే ఆ జరుగుడుని ఈ రేకులు బాగా తట్టుకుంటాయి. కానీ వీటికి అద్దం లాంటి ఫేసింగ్ కావాలి. నాన్న తన పాత స్నేహితుడి షెడ్డులో తానే మిల్లింగ్ మిషన్ దగ్గర నిలబడ్డారు. ఫ్లై కట్టర్ అనే కోత పనిముట్టుతో, చాలా మెల్లగా జరుపుతూ, మొత్తం మీద 0.15 మి.మీ. మాత్రమే తీశారు. ఒక్కో కోత అయ్యాక హెడ్డు మీద బొటనవేలి గోరు అడ్డంగా లాగి చూసేవారు. గోరు ఎక్కడా తట్టుకోకూడదు. గరుకుతనం కొలిచే రఫ్‌నెస్ మీటరుతో చూస్తే 0.7 మైక్రాన్లు వచ్చింది, 0.8 లోపు చాలు. మీటరు అంకె చూసి ఆయన ఏమీ మాట్లాడలేదు, చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయారు. డెబ్బై ఏళ్ల వయసులో ఆయన మిషన్ దగ్గర నిలబడటం చూసి నాకు గొంతులో ఏదో అడ్డుపడింది.

బోల్టుల బదులు గట్టి స్టీలు స్టడ్లు వేశాం, అంటే బ్లాకులోకి మరతో దిగి పైన నట్టుతో బిగించే కడ్డీలు. బ్లాకులో మర కన్నాలు ఒక్కొక్కటీ శుభ్రం చేసి గాలి కొట్టాం. కన్నంలో కాస్త నూనె, నీరు మిగిలినా స్టడ్డు అడుగుదాకా దిగదు, తిప్పే బలాన్ని కొలిచే టార్క్ రెంచ్ మాత్రం బిగిసిందని అబద్ధం చెబుతుంది. నట్టు తిప్పే బలంలో పదో వంతే బిగుతుగా మారుతుంది, మిగతాదంతా రాపిడికే పోతుంది. అందుకే స్టడ్లతో వచ్చిన గ్రీజే మరలకి, వాషర్ కింద పూశాం. నడుమ నుంచి మొదలుపెట్టి చివరలకి, మూడు విడతలుగా. ఉస్తాద్ తిప్పుతుంటే నాన్న పక్కన కాగితం మీద ఒక్కో నట్టుకి టిక్కు పెట్టారు.

ముందు బంపర్ వెనక పెద్ద ఇంటర్‌కూలర్ వచ్చింది. మ్యాప్ ఈసారి 2023 ఏప్రిల్‌లో, మిట్టమధ్యాహ్నం ఎండలో చేయించాను. బూస్ట్ 1.2 బార్, అది కూడా కింది ఆర్పీఎంలో ఒక్కసారిగా కాకుండా మెల్లగా ఎక్కేలా. 95 ఆక్టేన్‌కి తక్కువ పెట్రోల్ పోయను. గాలి వేడి అదే ఎండలో 49 డిగ్రీలకి దిగింది, మూడో సిలిండర్‌లో టైమింగ్ లాగడం దాదాపు ఆగిపోయింది. 0.3 బార్ తగ్గితే స్పీడులో తేడా తెలుస్తుందా అంటే తెలుస్తుంది. నాకు అది చాలు.

పోయిన నెల ఉస్తాద్ ఫోన్ చేశాడు. ఒక చిన్న టర్బో హ్యాచ్‌బ్యాక్ వచ్చిందట, బూస్ట్ పెంచారు, హోస్ గట్టిపడుతోంది, హెడ్డు దించుతున్నాడు. "కాకాను తీస్కరా సార్, ఆ ఇనప పట్టీ గూడ," అన్నాడు. ఆదివారం పొద్దున నాన్న పంచె ముక్కలో చుట్టిన స్ట్రెయిట్ ఎడ్జిని ఒళ్లో అడ్డంగా పెట్టుకుని ముందు సీట్లో కూర్చున్నారు. బయల్దేరే ముందు బానెట్ ఎత్తి చూశాను. కూలెంట్ గీత మీదే ఉంది.